లుప్తచిత్ర విమర్శనము: ‘ది స్పై’

పాణిని లోపమును కనబడకుండుటగా నిర్వచించెను. ప్రత్యయము లోపించినను తన్నిమిత్తకమగు కార్యము నిలుచునని విధించి, ‘లుక్’ మొదలగు శబ్దములచే లోపించినచో అంగకార్యము నిలువదని వెంటనే నిషేధించెను. నశించిన కృతిని విమర్శింపబూనువారికి ఈ వివేకమే శరణ్యము.

1917 ఏప్రిలునందు అమెరికా జర్మనీపై యుద్ధము ప్రకటించెను. ఆ యేటి ఆగస్టులోనే ఫాక్సు సంస్థ ‘ది స్పై’ అను మూకచిత్రమును విడుదల చేసెను. కథ జార్జి బ్రాన్సన్ హోవర్డుది. దర్శకుడు రిచర్డు స్టాంటన్. నాయకుడు డస్టిన్ ఫార్నమ్. అమెరికాలోని జర్మను చారుల పేర్ల పట్టికను సంగ్రహించుటకై యొక అమెరికా యువకుడు జర్మనీకి బోవును; శత్రుపక్షపు చారిణి యతనిని వలచును; అతడు హింసింపబడియు రహస్యము వెలిపుచ్చడు. చిత్రప్రతి నేడు లభ్యము గాదు, కథాసంగ్రహము మిగిలినది.

ప్రయోజనమును దెలిసికొనుటకు ఆ సంగ్రహము చాలును. ఒకే చారకర్మ స్వపక్షమున శౌర్యమును, పరపక్షమున ద్రోహమును నగుట ప్రచారకృతి లక్షణము. ముద్రారాక్షసమున నట్లు గాదు. అందు చాణక్యుడును రాక్షసుడును చారులను ప్రయోగింతురు. ఓడిన రాక్షసుని స్వామిభక్తిని గెలిచిన చాణక్యుడే గౌరవించును.

అయినను ‘ప్రచారమే గదా, పోయిన నేమి’ యనుట సాహసము. చారిణి మనఃపరివర్తనము కథకు ప్రాణము. మూకచిత్రమున వాచికము నడుమ నడుమ జూపు వ్రాతపలకలకే పరిమితము. కావున ఆ పరివర్తనము ఆంగిక సాత్త్వికములందే తోపవలెను. అది నటి కన్నులలో బండెనా, ఆమె శత్రుజాతి స్త్రీగా గాక కేవలము స్త్రీగా నిలిచెనా యనునది సంగ్రహము చెప్పజాలదు. కథావిషయమున నిది లోపము, రసవిషయమున లుక్కు.

ఆనాటి ఫిల్ము నైట్రేటుతో జేయబడినది. వేడిగల గిడ్డంగిలో శిథిలమై తనంత రాజుకొనును. బొగ్గుకుప్ప లోలోన వేడెక్కి తానే మండుట గోలేటి మొదలగు సింగరేణి గనులవారెఱిగినదే. 1937 జూలై 9న న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీ గిడ్డంగి యిట్లే తగులబడి, ఫాక్సు మూకచిత్రములలో నధికభాగము భస్మమయ్యెను.

తెలుగువారి తొలి మూకచిత్రముగా బేర్కొనబడు, రఘుపతి వెంకయ్యయు నాయన కుమారుడు ప్రకాశును నిర్మించిన 1921 నాటి ‘భీష్మప్రతిజ్ఞ’యు నేడు లేదు. దానికిని ఈ నియమమే వర్తించును. భారతకథ నెఱిగినంత మాత్రమున భీష్ముడుగా నటించిన ప్రకాశు అభినయమును మెచ్చుటకు గాని నిందించుటకు గాని యెవరికిని అధికారము గలుగదు. మిగిలినది యెంతవఱకు సాక్ష్యమిచ్చునో విమర్శకుని వాక్కు నంతవఱకే చెల్లును.