ఊచ మీది వరస

మా అమ్మమ్మగారింట్లో వీధి గుమ్మం పక్కన ఓ ఇనప ఊచ వేలాడేది. కింద చెక్కబిళ్ల, పైన కొక్కెం. వచ్చిన ఉత్తరం చదవడం అయిపోగానే తాతయ్య దాన్ని ఊచకి గుచ్చేసేవారు. అందులో సగానికి పైగా ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసిన పెద్దమామయ్య రాసిన కార్డులే. ఇల్లు అమ్మినప్పుడు ఆ ఊచ నా వాటాకొచ్చింది. ఇంకెవరూ అడగలేదు లెండి.

మొదట చేసిన పని తెలివితక్కువది. నాలుగు మూలలా పసుపు రాసిన పెళ్లికబురు కార్డుని లామినేషన్‌కిచ్చాను. వేడికి ప్లాస్టిక్ కాగితాన్ని కరుచుకుంది. ఇక ఊడదీసే దారి లేదు. ఆ పసుపు ఇప్పుడు వేలికి తగలదు.

రెండోసారి, మనిషికో కట్ట చేద్దామని అన్నీ ఒక్కసారే లాగబోయాను. "వరస చెడగొట్టకురా" అంది అమ్మ. పెద్దవాళ్ల చాదస్తం అనుకుంటూనే పైనుంచి ఒక్కొక్కటీ తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ పోయాను. చివరికి అన్నిటికన్నా పాతది పైకొచ్చింది. అక్కణ్ణుంచి మూలన మెత్తటి పెన్సిల్‌తో 1, 2, 3 వేశాను. ప్రతి కార్డుకీ నడుమ ఒకే చిల్లు, చుట్టూ తుప్పు మరక. 1950లో మొదలైన ఇన్లాండ్ కవర్లయితే ఆత్రంగా చింపడంలో అంచుతో పాటు ఓ వాక్యం కూడా పోయినవే. వాటికి సెల్లోటేపు వెయ్యకూడదు. జిగురు ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగు తిరిగి సిరాని తినేస్తుంది.

తేదీలే ఓ పెద్ద తగువు. మామయ్య "విళంబి కార్తీక బహుళ తదియ" అని రాస్తాడు తప్ప ఇంగ్లీషు సంవత్సరం వెయ్యడు. విళంబి అరవయ్యేళ్లకోసారి వస్తుంది కనక ఇది 1958 అవ్వాలి. అనుమానమొస్తే తపాలా ముద్రని పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకుంటే అంకెలు కాస్త తేలతాయి. కార్డు మీద వెల అణాల్లో అచ్చయి ఉంటే 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందుది. కార్డుల్ని స్కాన్ చేస్తే రెండు వైపులా చెయ్యమనేది ఇందుకే. అడ్రసు వైపు ఎవరూ చదవరు, సంవత్సరం మాత్రం అక్కడే ఉంటుంది.

వరస సంగతి 62వ కార్డు దగ్గర అర్థమైంది. అప్పటిదాకా మామయ్య రాసిన ప్రతి కార్డు అడుగునా, చోటు చాలక అంచు వెంబడి నిలువుగా ఓ మాట ఉండేది: "బుజ్జి తాతయ్యని అడుగుతోంది". 61లోనూ ఉంది. 62లో లేదు. పైన మాత్రం ఎప్పటిలాగే "ఇక్కడ మేమంతా క్షేమం". ఆ తర్వాత ఒక్కదాంట్లోనూ బుజ్జి లేదు. కట్టలు విడగొట్టి, చేతికొచ్చినట్టు పేర్చి ఉంటే ఇది నా కంట పడేదే కాదు.

అమ్మనడిగాను. ఆమె 61నీ 62నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మధ్యలో ఇంకోటొచ్చిందిరా. నాన్న వీధిలోనే చదివి, అక్కడే చింపేశారు. కాళ్లు కడుక్కుని లోపలికొచ్చారు. చావుకబురు ఊచకి గుచ్చరుగా."