పరిమితి న్యాయమే, కొలత సుగమమా?

అమెరికాలో లైసెన్సు లేకుండానే చిన్న యంత్రంతో ఎఫ్.ఎం. ప్రసారం చేయవచ్చును. అయితే అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఒక హద్దు విధించింది. 88–108 మెగాహెర్ట్జ్ మధ్య ఆ యంత్రపు విద్యుత్ క్షేత్ర తీవ్రత, 3 మీటర్ల దూరంలో, మీటరుకు 250 మైక్రోవోల్టులను మించరాదు.

ఇది ఎంత స్వల్పమో లెక్క కడితే తెలుస్తుంది. వోల్టులలో తీవ్రత వర్గాన్ని దూరపు వర్గంతో గుణించి 30తో భాగిస్తే, అన్ని దిక్కులకు సమానంగా వెదజల్లే సామర్థ్యం వాట్లలో వస్తుంది: సుమారు 19 నానోవాట్లు. బొమ్మవలె కనిపించే యంత్రం ఒక్క మిల్లీవాటు వెదజల్లినా హద్దుకు యాభైవేల రెట్లు!

ఇంత కట్టుదిట్టం అవసరమే. 108 మెగాహెర్ట్జ్ దాటగానే విమానాలకు దారి చూపే సంకేతాలున్నవి. నాసిరకం యంత్రం అక్కడికీ చొరబడగలదు.

లోపం కొలతలో ఉన్నది. ఇంత సూక్ష్మ క్షేత్రాన్ని కొలిచే సాధనం విద్యార్థికి ఎక్కడిది? మధ్యతరంగాలకు అదే కమిషన్ సుగమమైన మార్గం కూడ చూపింది: చివరి దశకు 100 మిల్లీవాట్లు, ఆంటెన్నా, దాని తీగ, భూసంధానం కలిపి 3 మీటర్లు. మల్టీమీటరు, టేపు ఉంటే చాలును.

ఆ అంకెలనే ఎఫ్.ఎం.కు వర్తింపజేయడం కుదరదు. మధ్యతరంగం వందల మీటర్ల పొడవు; 3 మీటర్ల తీగ దానిని బాగా వెదజల్లలేదు. ఎఫ్.ఎం. తరంగం పొడవే సుమారు 3 మీటర్లు; ముప్పాతిక మీటరు తీగ చాలును. కాబట్టి హద్దును సడలించనక్కరలేదు. దానికి సరిపడే సామర్థ్యాన్ని, తీగ పొడవును సులభమైన పట్టికగా నియమంలోనే చేర్చవలసినది. పాటించేవాడు సరిచూసుకోలేని హద్దు సగం హద్దే.