మొక్కుబడి కొడుకు, వాటా అడిగిన బిడ్డ

తమిళనాడుకు చెందిన ఇద్దరు తిరునంగైలు రాసుకున్న జీవిత కథల గురించి ఇక్కడ మాట్లాడదల్చుకున్నాం. ఒకటి ఎ. రేవతిది. పి. సత్యవతి దాన్ని 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం కూడా వచ్చింది. రెండోది లివింగ్ స్మైల్ విద్య రాసిన 'నాన్ విద్య'. దీని కన్నడ రూపం ఆధారంగా 2015లో 'నాను అవనల్ల అవళు' సినిమా తీశారు.

రేవతి పుస్తకం మీద మేము విన్న మాటలు ఎక్కువగా 'అయ్యో పాపం' దగ్గర మొదలై 'కుటుంబాలు ఒప్పుకోవాలి' దగ్గర ఆగిపోయాయి. ఏ కుటుంబం? ఏ కులం ఇల్లు? ఏ దేవుడున్న ఇల్లు? ఇవేవీ అడక్కుండా కుటుంబం అంటే అది పెండ్లి పత్రికలో 'సకుటుంబంగా' అన్నట్టే ఉంటుంది.

రేవతి ఇల్లు నామక్కల్ దగ్గరి పల్లె. తండ్రికి లారీ ఉంది. ముగ్గురు అన్నలు, ఒక అక్క. ఊరి పండుగకు ఆడవేషం కడితే జనం మెచ్చుకున్నారు. వేషం తీసేసి మగబట్టలు తొడుక్కున్నప్పుడే తాను మారువేషంలో ఉన్నట్టు అనిపించిందంటుంది ఆమె. పుస్తకం మొత్తంలో మాకు ముఖ్యమైన చోటు ఇదే. పండుగ రోజు చప్పట్లు కొట్టిన లోకమే తెల్లారి అదే నడకను చూసి ఎక్కిరించింది. ఇల్లు విడిచి ఢిల్లీలో హిజ్రాల దగ్గరికి పోయి తిరిగొస్తే అన్న క్రికెట్ బ్యాటుతో కొట్టాడు. జుట్టు గొరిగించారు. ఆ తర్వాత కూడా ఆమె మళ్లీ మళ్లీ ఆ ఇంటికే వస్తుంది. ఎందుకొస్తుంది? ప్రేమకోసం అని చాలామంది సమాధానం. మేము కాదనం. అయితే పుస్తకం ఇంకో మాట కూడా చెబుతున్నది. ఆమె వాటా అడుగుతున్నది. ఇంట్లో వాటా అడిగిందాకా ఆమె 'బిడ్డ'నా, 'పొట్టై'నా అన్నది పెద్ద సమస్య కాదు. అడిగినాక అన్నదమ్ములకు అదే పెద్ద సమస్య అయింది. ఒప్పుకోవడం అనేది మనసు సంగతే కాదు, లెక్కల సంగతి కూడా.

విద్య ఇంట్లో పంచుకోడానికి ఏమీ లేదు. దళిత కుటుంబం. తండ్రి తిరుచ్చిలో మున్సిపాలిటీ పాకీపని చేసేవాడు. ఆడపిల్లల తర్వాత మొక్కుకుంటే పుట్టిన కొడుకని మురుగన్ పేరు, శరవణన్ అని పెట్టాడు. చదువులో రెండో స్థానం వచ్చినా కొట్టాడు. కొడుకు కలెక్టరు కావాలి, చీపురు తన చేతితోనే ఆగిపోవాలి. ఆ కొడుకు భాషాశాస్త్రంలో ఎం.ఏ. చేసి, చీర కట్టుకొని, పుణెలో రైళ్లలో చెయ్యి చాపి బతికాడు అని తండ్రి వైపు నుంచి చెప్పుకోవచ్చు. బతికింది అని ఆమె వైపు నుంచి చెప్పాలి. ఈ రెండు క్రియల మధ్య దూరం ఎంతో, ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్టెక్కిన మాలాంటి వాళ్లకు బాగా తెలుసు. మా డిగ్రీ మా ఒక్కరిది కాదు. నాయిన రెక్కలు, అవ్వ పస్తులు, అక్క ఆపేసిన చదువు అందులో ఉన్నాయి. దొరల ఇంట్లో కొడుకు దారి తప్పితే పోయేది పరువు. మాదిగిండ్లల్ల పోయేది రేపటి బువ్వ. అందుకే ఆ తండ్రి కోపాన్ని 'సంప్రదాయ పితృస్వామ్యం' అనే ఒక్క మాటతో కొట్టేయడానికి మాకు చెయ్యి రాదు. అట్లని ఆ దెబ్బలను మోయాల్సింది ఆ బిడ్డ వీపే అనే మాటకూ ఒప్పుకోం.

ఇక దేవుడి సంగతి. మన సంస్కృతిలో వీళ్లకు ఎప్పట్నుంచో గౌరవం ఉందని అర్ధనారీశ్వరుణ్ని, శిఖండిని చూపించేవాళ్లు ఈమధ్య పెరిగారు. 2015లో కిన్నర్ అఖాడా పుట్టింది. దాన్ని పెట్టిన లక్ష్మీ నారాయణ్ త్రిపాఠి 2018లో అయోధ్య గుడికి మద్దతు పలికితే, దళితులు సహా ఎందరో ట్రాన్స్ వ్యక్తులు ఖండిస్తూ ప్రకటన ఇచ్చారు. గౌరవం పేరుతో కులం గుడిలోకి నడవలేమన్నదే వాళ్ల మాట.

మన దగ్గర వేములవాడకు పోండి. శ్రీరామనవమి నాడు సీతారాముల కల్యాణం జరిగే వేళ శివపార్వతులు, జోగినులు, హిజ్రాలు తలంబ్రాలు పోసుకొని శివుణ్ని పెళ్లాడతారు. ఇక్కడ మాకు ఇరకాటం ఉంది, దాచుకోం. జోగిని వ్యవస్థ మన వాడల ఆడపిల్లలను ఊరుమ్మడి చేసింది. 1988లో దానిమీద చట్టం రావడానికి ముందూ వెనకా మనోళ్లు ఎంతో కొట్లాడారు. కాబట్టి దేవుడి పెళ్లిని 'స్వేచ్ఛ' అని రాసే వ్యాసాలు చదివితే ఒళ్లు మండుతుంది. కానీ అదే జాతరలో, ఇంట్లో చీర కట్టుకోలేని మనిషి పదిమందిలో కట్టుకొని నిలబడుతుంది. ఆమెకు ఆ ఒక్కరోజు ఏమిటో అడక్కుండా 'మూఢాచారం' అని వెళ్లిపోవడం కూడా పెద్దమనిషి తనమే. మా తగాదా శివుడితో కాదు. మొక్కేవాళ్లతో. దేవుడి ఎదుట అక్షింతలు వేయించుకున్న చేతి నుంచి ఇంటికొచ్చినాక మంచినీళ్లు తాగని వాళ్లతో.

మా వాడలో ఇండ్లు సగం చర్చికి, సగం ఎల్లమ్మకు. కొన్ని ఇండ్లు రెంటికీ. అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలో ఫిలిప్పు బాప్తిస్మమిచ్చిన ఐతియొపీయుడు నపుంసకుడని తెలుగు బైబిలే చెబుతుంది. చిన్నప్పట్నుంచి మేము విన్న ప్రసంగాల్లో రథం వచ్చింది, ఎడారి దారి వచ్చింది, నీళ్లు వచ్చాయి. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం పాస్టరు గొంతు తగ్గించి దాటిపోయేవాడు. అంగం దెబ్బతిన్నవాళ్లు సమాజంలోకి రాకూడదని ద్వితీయోపదేశకాండం 23 వాకిలి మూస్తే, యెషయా 56 షండులకు ఆ వాకిలి తెరిచింది. గుడి బయట నిలబడ్డ తాతల మనవలం మనం. మూసిన వాకిలి గురించి మనకు ఒకరు చెప్పాలా? అయినా మన చర్చిల్లో ఇట్లాంటి పిల్లలకు ప్రార్థన అంటే దయ్యం వదిలించడమే.

ఇదంతా ఇప్పుడు తెస్తే ఉద్యమం చీలుతుందని మిత్రులంటున్నారు. దళిత స్త్రీలు నోరు విప్పినప్పుడు, 1994లో దండోరా కొట్టినప్పుడు కూడా ఇదే మాట విన్నాం.

ఇంకొకటి ఎవరూ ఎత్తడం లేదు. కుల ధ్రువపత్రం తల్లిదండ్రుల కాగితాల మీద వస్తుంది. ఇంటి నుంచి గెంటేసిన దళిత బిడ్డ ప్రేమనే కాదు, ఆ కాగితాన్నీ పోగొట్టుకుంటుంది. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను వెనుకబడిన తరగతులుగా చూడమన్నది. మరి ఆమె ఎస్సీనా, బీసీనా? ప్రతి కోటాలోనూ విడిగా వాటా ఉండాలని దళిత ట్రాన్స్ ఉద్యమకారులు అడుగుతున్నారు. కర్ణాటక 2021లో ఆ పద్ధతిలో ఒక శాతం ఇచ్చింది. రేవతి అన్నలను అడిగిందీ, వీళ్లు సర్కారును అడుగుతున్నదీ వాటానే.

విద్య కథ మా అవ్వకు చెప్పాం. ఆమె చదువుకోలేదు, ఆదివారం తప్పకుండా చర్చికి పోతుంది. అంతా విని, "మరి ఆ నాయినకు ఇప్పుడు బువ్వెవరు పెడుతున్నరు?" అని అడిగింది. చీర ఊసే ఎత్తలేదు. తెలియదన్నాం.

"అడగాలె గదా" అన్నది.