పటం ముందు కూర్చునేది ఎవరు?

ఈమధ్య పెద్ద నగరాల్లో కొత్త తరహా చిత్రప్రదర్శనలు పెడుతున్నారు. చీకటి గది, నాలుగు గోడల మీదా కదిలే బొమ్మలు, చుట్టూ సంగీతం. చూసేవాడు బొమ్మ ఎదుట కాదు, బొమ్మ లోపల నిలబడతాడు. ఇమ్మర్సివ్ ఇన్‌స్టలేషన్ అని దీనికి పేరు. చూసినోళ్లు సంబురపడుతున్నారు. కళను చూసి సంతోషపడటాన్ని మేము తప్పు పట్టం. మా పేచీ అల్లా, మనిషిని చుట్టుముట్టే కళ ఇప్పుడే పుట్టిందన్నట్టు మాట్లాడటంతోనే.

ఓరుగల్లు ప్రాంతపు మాదిగవాడల్లో డక్కలోళ్లు పటం కట్టిన రాత్రి సంగతి ఏమిటి మరి? మూడడుగుల వెడల్పు, ముప్పై నలభై అడుగుల పొడవున్న గుడ్డ. గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద చేర్యాల నకాషీలు రాసిన బొమ్మలు. (చేర్యాల 2016 దాకా వరంగల్ జిల్లాలోనే ఉండేది, తర్వాత సిద్దిపేటలో కలిసింది.) గుడ్డ మొత్తం ఒక్కసారే విప్పరు. కథ నడిచే కొద్దీ ఒక్కో వరుస విప్పుతారు. కథకుడు పుల్లతో చూపుతూ పాడుతుంటే దీపం వెలుగులో బొమ్మకు కదలిక వస్తుంది. ఇది ఇన్‌స్టలేషన్ కాక మరేంది?

అయితే పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. నగరంలోని గదిలో చూసేవాడు టికెట్టు కొన్న బాటసారి. బొమ్మ అతని గురించి ఏమీ చెప్పదు. పటం అట్ల కాదు. కాకిపడగలోళ్లది ముదిరాజులకు, కూనపులోళ్లది పద్మశాలీలకు, డక్కలోళ్లది మాదిగలకు. పటం ముందు కూర్చున్నవాళ్ల పుట్టుక కథే పటం మీద ఉంటుంది. జాంబపురాణంలో జాంబవుడు భూమి కంటే ఆరు నెలల ముందు పుట్టినవాడు. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని బ్రాహ్మణుడితో వాదులాడి నిలిచినవాడు. పొద్దంతా ఊరిచివర తలవంచుకొని బతికిన మనుషులు, ఆ రాత్రి తామే ఈ లోకానికి పెద్దలమని వింటారు. ఆ ఆనందం వట్టి కంటికి సంబంధించింది కాదు. అది ఆత్మగౌరవానికి సంబంధించింది. మనిషిని చుట్టుముట్టేది రంగూ వెలుగూ కాదు, తన కథ.

కళా చరిత్రకారులు గీత గురించీ రంగు గురించీ చాలా రాశారు. మ్యూజియంలు పటాన్ని అద్దం వెనక బిగించాయి. చిరిగి పాతబడిన పటాన్ని కథకులు మొక్కి నీళ్లలో కలిపేవాళ్లు. వాళ్లకు గుడ్డ కన్నా కథ ముఖ్యం. మ్యూజియం గుడ్డను మిగిల్చి కథను వదిలేసింది. పటాలు రాయించుకునే కథకులు తగ్గిపోయాక, నకాషీలు గోడకు తగిలించే చిన్న బొమ్మలూ మాస్కులూ చేసి బతుకుతున్నారు. వాళ్లను మేము తప్పు పట్టం, పొట్ట గడవాలి. కానీ డ్రాయింగు రూములో వేలాడే చేర్యాల బొమ్మలో జాంబవుడు ఎక్కడ? అగ్రవర్ణ అభిరుచి ఎరుపును కొనుక్కుంది, వాదాన్ని కొనలేదు.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే మేమూ అబద్ధమాడినట్టే. మమ్మల్ని పెద్దలని పాడిన డక్కలోళ్లను మా వాడలు ఎట్ల చూశాయి? మాకంటే తక్కువని చూశాయి. పాట వాకిట్లో విన్నాం, పాడినవాణ్ని గడప దాటనీయలేదు. అతడు మిరాసి హక్కు అడిగితే అడుక్కతినేటోడన్నాం. ఊరు మాకు చేసిందే మేము అతనికి చేశాం. జాంబవుడి పెద్దరికం విని పొంగిపోయిన మనసుకు, ఆ పెద్దరికాన్ని పాడినవాడు బయట పడుకున్నాడన్న సంగతి తట్టలేదు. ఈ సంగతిని దాచిపెట్టి దళిత సౌందర్యశాస్త్రం రాయలేం.

అందుకని పటాన్ని మెచ్చుకునే వాళ్లందరినీ, ముందుగా మమ్మల్ని మేమే, రెండు మాటలు అడుగుతున్నాం. పటం వేలాడే ప్రతిచోటా రాసినవాడి పేరు పక్కన పాడినవాడి పేరు, కులం, ఊరు ఉండాలి. పాడగలిగినవాళ్లు ఇంకా ఉన్నచోట పాటకు కూలి కట్టి పాడించాలి. ఆ తర్వాత వాళ్లను లోపలికి పిలిచి, మాతోపాటు కూర్చోబెట్టి అన్నం పెట్టాలి. బొమ్మ లోపల నిలబడే సంబురం మాకు అక్కడ మొదలైతది.