కౌంటర్ అవతల నుంచి చూస్తే

రాయచూరు జిల్లా మాన్వి తాలూకాలో తుంగభద్ర ఎడమ కాలువ కింద వరి పండించే రైతుల్లో కోస్తా ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల ఊళ్లను అక్కడ క్యాంపులంటారు. బ్యాంకులో అప్పు కావాలన్నా, ఎకరం అమ్మాలన్నా పహాణీ అనే భూమి పత్రం చేతిలో ఉండాల్సిందే. ఒకప్పుడు అది గ్రామ లెక్కాధికారి దస్త్రంలో ఉండేది. ఆయన దొరికినప్పుడే పని.

కర్ణాటక ప్రభుత్వం ‘భూమి’ పథకంతో ఈ తీరు మార్చింది. ఐఏఎస్ అధికారి రాజీవ్ చావ్లా సారథ్యంలో సుమారు 2 కోట్ల భూరికార్డులు కంప్యూటర్లకెక్కాయి. 2000 తర్వాత తాలూకా కేంద్రాల్లో కియోస్కులు తెరుచుకున్నాయి. 15 రూపాయలు కడితే అప్పటికప్పుడే నకలు వచ్చేది.

ఈ అంకెల కన్నా మెచ్చుకోవలసింది కౌంటర్ మీద పెట్టిన రెండో తెర. గుమాస్తా ముందు ఒకటి ఉంటే, రైతు వైపు తిప్పి ఇంకొకటి పెట్టారు. తన పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం కళ్లెదుటే కనిపిస్తుంటే, తప్పుంటే అక్కడే అడిగే వీలుంటుంది. పథకాన్ని రూపొందించినవాళ్లు కౌంటర్ అవతల నిలబడేవాణ్ని తలచుకున్నారనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

అయితే తలచుకోవడం వేరు, దగ్గరుండి చూడడం వేరు. వాడేవాళ్లను పక్కన కూర్చుని గమనించే పద్ధతికి కంప్యూటర్ రంగంలో పాత చరిత్రే ఉంది. మనసులో అనుకుంటున్నది పైకి చెబుతూ పనిచేయమని కోరే విధానాన్ని 1982లో ఐబీఎంలో క్లేటన్ లూయిస్ వివరించారు. అయిదుగురితో పరీక్షిస్తే చాలా మటుకు లోపాలు బయటపడతాయని 2000లో జాకబ్ నీల్సన్ రాశారు.

ఇలాంటి పరీక్షలో కీలకం అడిగే తీరు. ‘ఈ సైటు ఎలా ఉంది?’ అంటే మనవాళ్లు మర్యాదకు ‘బాగుందండీ’ అనేస్తారు. ‘మీ పొలం పహాణీ తీయండి’ అని ఫోన్ చేతికిచ్చి, ఆ తర్వాత నోరు మెదపకుండా చూడాలి. సాయం చేయాలని చేయి లాగుతుంది, ఆపుకోవాలి. వేలు ఎక్కడ తటపటాయించిందో అదే రాసుకోవాలి.

కర్ణాటక ఆన్‌లైన్ పహాణీ పేజీనే తీసుకుంటే జిల్లా, తాలూకా, హోబళి, గ్రామం వరుసగా ఎంచుకుని సర్వే నంబరు ఇవ్వాలి. తర్వాత ‘సర్నాక్’ అనే పెట్టె వస్తుంది. అందులో చాలాసార్లు కనిపించేది ఒక నక్షత్రం గుర్తే. రెవెన్యూ ఉద్యోగికి అది మామూలే, రైతుకు అగమ్యగోచరం. పైగా క్యాంపు పేరు, రెవెన్యూ గ్రామం పేరు ఒకటే కానక్కర్లేదు. అలాంటి చోట రైతు తన ఊరి పేరు కోసం జాబితా అంతా వెతికి, సైటులో తన పొలమే లేదనుకుంటాడు. ఇంజనీరు దృష్టిలో ఇక్కడ తప్పేమీ లేదు, డేటా సక్రమంగానే ఉంది. రైతు పక్కన కూర్చుంటే తప్ప ఈ చిక్కు పట్టుబడదు.

తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి అనుభవం అక్కడి రైతులకు గుర్తే. 2020 అక్టోబరులో మొదలైన ఆ పోర్టల్‌లో పాసుపుస్తకంలోని పొరపాటు దిద్దించుకోవాలంటే ‘టీఎం-33’ వంటి మాడ్యూల్ నంబర్లు తెలుసుకోవాల్సి వచ్చింది. ఆ నంబరు పోర్టల్ కట్టినవాళ్ల సౌకర్యం కోసం పుట్టింది. మీసేవ మెట్లెక్కిన మనిషి దాన్నెందుకు గుర్తుపెట్టుకోవాలి?

మాన్వి వంటి చోట పరీక్షకు పిలిచే అయిదుగురిలో కన్నడం మాట్లాడగలిగినా తెలుగే చదవగలిగిన క్యాంపు పెద్దాయన ఒకరుండాలి. పొలం గట్టున, ఎండలో, పగిలిన తెర ఫోన్‌తో చూసేవాళ్లు మరొకరు. పట్టా తన పేరునే ఉన్నా కచేరీ గడప తొక్కని మహిళ ఇంకొకరు. దొరికిన లోపాలు దిద్దాక మళ్లీ కొత్త అయిదుగురిని పిలవాలి.