గుట్ట దిగిన మట్టి

ఎండాకాలంలో చెరువు మట్టి తోలకం మొదలైందంటే రఘునాథపల్లి చుట్టుపక్కల ట్రాక్టర్లకు తీరిక ఉండదు. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం వచ్చాక ఊరూరా అదే పని చూశాం. అంతకు ముందు మన తాతలు బండ్ల మీద తోలారు. పూడిక మట్టి పడితే దుబ్బ చెలకలో తేమ నిలుస్తుంది, పైరు రంగు మారుతుంది. కిరాయి పెట్టి మరీ తెచ్చుకునే ఆ మట్టి చెరువులోకి ఎక్కడి నుంచి వచ్చిందన్న మాట మాత్రం మనం పెద్దగా అనుకోం. అది ఎగువ గుట్టది, గుట్ట కింది చెలకలది. మన నేల పైపొరే వానకు కొట్టుకుపోయి, వాగులో పడి, చెరువు అడుగున కూర్చుంది. పోయిన మన మట్టిని మనమే డబ్బులిచ్చి తిరిగి తెచ్చుకుంటున్నాం.

అందుకే గుట్ట మీద అడవి తిరిగి రావడాన్ని నేను అటవీశాఖ పనిగా మాత్రమే చూడలేను. నా దృష్టిలో అది వ్యవసాయం. ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కోట ఎక్కి చూస్తే తాళ్లు, పత్తి చేలు, మధ్యమధ్య బోడి గుట్టలు కనబడతాయి. ఆ బోడితనం ఖర్చు కింద పత్తి వేసిన రైతు మీద పడుతోంది.

ఎవరైనా ఇంట్లోనే చేసి చూడదగ్గ పని ఒకటుంది. గెట్టు మీద పాత కానుగ చెట్టు ఉంటే దాని కింది నుంచి ఎండిన మట్టిపెళ్ల ఒకటి, చేను నడుమ నుంచి అంతే పెళ్ల మరొకటి తీయాలి. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి మెల్లగా వదలాలి. చేను పెళ్ల బుడగలు వదులుతూ చూస్తుండగానే విచ్చిపోయి అడుగున బురదవుతుంది. కానుగ కింది పెళ్ల నానుతుంది గానీ చాలాసేపు ఆకారం పోదు, నీళ్లూ తేటగానే ఉంటాయి. దాన్ని తీసి విరిచి చూడండి. జుట్టు కన్నా సన్నటి వేర్లు, తెల్లటి బూజు పోగులు, సగం చివికిన ఆకు ముక్కలు, ఎర్రలు వదిలిన మట్టి ఉండలు. రేణువును రేణువుతో పట్టి ఉంచేది ఆ పోగులూ, వేర్ల జిగురూ, చివికిన ఆకూ. ఆ పట్టు లేని చేలో తొలకరి చినుకులకే రేణువులు విడిపోయి సందులు పూడుకుపోతాయి, నేల పైన అట్ట కడుతుంది. అట్ట కట్టిన నేల నీళ్లు తాగదు. మొలక ఆ అట్టను చీల్చుకుని పైకి రాదు, వాన నీరు మట్టిని వెంటబెట్టుకుని కిందికి పోతుంది.

అంటే భూమికి కావాల్సింది ముందుగా ఆకు. చెట్టు ఆకు రాల్చాలి, రాలిన ఆకు అక్కడే ఉండాలి, చెదలకూ ఎర్రలకూ దాన్ని నమిలే వ్యవధి దొరకాలి. మొక్కల లెక్కలో ఇది కనిపించదు. 2015 జులైలో మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలన్నారు. గొప్ప సంకల్పమే, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను. కానీ భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు వరసకట్టిన జామాయిల్ తోట కూడా దూరం నుంచి పచ్చగానే ఉంటుంది. లోపలికి వెళ్తే గడ్డి పలుచన, తీగ లేదు, తుప్ప లేదు. జామాయిల్ ఆకు గట్టిది, నూనె ఉన్నది, అంత తొందరగా చివకదు. కొన్నేళ్లకోసారి కర్రంతా నరికి మిల్లుకు పంపిస్తారు. రైతుకు ఆ డబ్బు అవసరమే, కాదనను. దాన్ని అడవి అనడమే నాకు నచ్చదు.

మన పక్క సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ గారు తన సొంత భూమిని, సుమారు 70 ఎకరాలు, అడవిగా వదిలేశారు. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ల మీద జలసాధన సమితి పెట్టి కొట్లాడిన మనిషి ఆయన. ఆ అడవిలో చెట్టు కొట్టరు, పండు అమ్మరు, రాలింది రాలినచోటే ఉంటుంది. ఎవరికి లాభం అని అడిగేవాళ్లుంటారు. ఆ నేలకు లాభం.

మనం అందరం 70 ఎకరాలు వదలలేం. పశ్చిమాఫ్రికాలోని నైజర్ రైతులు అంత వదలకుండానే చేసి చూపించారు. అక్కడ ఏటా కొత్త మొక్కలు నాటడం, అవి ఎండిపోవడం మామూలైపోయింది. 1980ల్లో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా మనిషి చేలల్లో కనిపించే పొదలన్నీ నరికిన చెట్ల మొదళ్లేనని, వాటి వేర్లు నేలలో బతికే ఉన్నాయని గుర్తించాడు. ఒక్కో మొదలుకు నాలుగైదు పిలకలుంచి మిగతావి కోసేస్తే చాలు, చెట్టు లేచింది. అలా సుమారు 50 లక్షల హెక్టార్లలో చేల మధ్యే చెట్లు తిరిగొచ్చాయి. మన గుట్టల మీద మోదుగు, తునికి, రేల ఇలాంటివే. ఎన్నిసార్లు కొట్టినా మొదలు నుంచి చిగురిస్తాయి. ఏటా దున్నుకుంటూ, కాల్చుకుంటూ పోతే తప్ప చావవు.

చెట్టుకు దగ్గర రెండు మూడు సాళ్లు పైరు దెబ్బతింటుందని రైతులు చెప్పేది నిజం. అందుకే చేను నడుమ అనడం లేదు, గెట్ల మీదా, గుట్ట వాలులోనూ అంటున్నాను. గెట్టు మీద గ్లిరిసీడియా పెట్టి కొమ్మ కోసి చేలో వేయమని హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన కేంద్రం క్రీడా ఎన్నేళ్లుగానో చెబుతోంది. పొలంలో కానుగ రొట్ట తొక్కిన ఊళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది నిప్పు. తునికాకు చిగురు బాగా రావాలనీ, ఇప్పపువ్వు ఏరుకోను నేల శుభ్రంగా ఉండాలనీ ఎండాకాలం ముందు అడవికి అంటించడం మన దగ్గర పాత అలవాటు. కాలేది ఆకే కదా అనుకుంటాం. ఏడాది పొడవునా చెట్టు దించిన మేత ఒక్క పూటలో బూడిదవుతుంది, తొలివానకు ఆ బూడిద కూడా చెరువు దారి పడుతుంది. ఆకు ఏరుకుని బతికే గిరిజన కుటుంబాలను తప్పుబట్టి లాభం లేదు. నిప్పు పెట్టకుండా తునికి కొమ్మలు కత్తిరించే పద్ధతి ఉంది. దానికి వేళకు కూలి ఇస్తే మంట ఆగుతుంది.

ఇదంతా ఎన్నేళ్ల పని? 2021 చివర్లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అమెరికా ఖండాలు, పశ్చిమాఫ్రికా ఉష్ణమండలాల్లో 77 చోట్ల తిరిగి మొలిచిన అడవులను పరిశీలించింది. చెట్ల మొత్తం బరువు పాత అడవి స్థాయికి రావాలంటే నూరేళ్లు దాటుతుంది, నేల మాత్రం పదేళ్ల లోపే కోలుకుంటుందని తేల్చింది. మొరం తేలిన మన గుట్టలకు అంతకన్నా ఎక్కువ పట్టవచ్చు. అయినా అన్నిటికన్నా ముందు లేచేది నేలే అన్నది నాకు పెద్ద ధైర్యం.

మా వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) గారిని నేను అడిగేది ఇదే. భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం అన్న గడి ఉంటుంది. 0.5 శాతం లోపుంటే తక్కువ అని రాస్తారు. ఈసారి చేల నమూనాలతో పాటు గుట్ట వాలు నుంచి ఒకటి, హరితహారం మొక్కల కింది నుంచి ఒకటి, పాత కానుగ కింది నుంచి ఒకటి తీసి పంపండి. ఆ మూడు అంకెలు గ్రామసభలో చదివి వినిపించండి. వచ్చే ఎండాకాలం ట్రాక్టర్ కిరాయి మాట్లాడుకునే ముందే.