కాకిని గీస్తే డోడో నిలిచింది

1621లో మొఘల్ చక్రవర్తి జహంగీర్ కొలువుకు ఒక జీబ్రా వచ్చింది. ఒంటి నిండా ఉన్న నల్లచారలు చూసి, ఎవరో రంగు పూశారేమోనని కొందరు అనుమానించారు. పరీక్షగా చూస్తే అవి పుట్టుచారలే! ఈ ముచ్చటను జహంగీర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ చారలను కాగితం మీదికి దించే పని చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్‌కు పడింది. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

మన్సూర్ అక్బర్ చిత్రశాలలో, ఇతరులు గీసిన బొమ్మలకు రంగులద్దుతూ పైకొచ్చినవాడు. తన ముత్తాత బాబర్ జంతువులను మాటల్లో వర్ణించాడే గాని బొమ్మలు గీయించలేదన్నది జహంగీర్‌కు తోచిన లోటు. రాజు కుతూహలమూ చిత్రకారుడి చేతినేర్పూ అక్కడ కలిశాయి. 1620లో కశ్మీర్ వెళ్లినప్పుడు మన్సూర్ వందకు పైగా పూలు గీశాడు. ‘నాదిరుల్ అస్ర్’, అంటే ‘ఈ కాలపు అద్భుతం’, అన్న బిరుదు పొందాడు.

ఆ పనితనమంతా ఓపికలోనే ఉంది. ముందు కాగితాలను పొరలు పొరలుగా జిగురుతో అతికించి ‘వస్లీ’ అనే గట్టి అట్ట చేస్తారు. నున్నటి రాయితో రుద్ది దానికి మెరుగు పెడతారు. గీత గీసి, పైన పలచగా తెల్లరంగు పూసి, ఆ తెలుపులోంచి లీలగా కనిపించే గీతను మళ్లీ సరిదిద్దుతారు. రాళ్లు నూరి తీసిన రంగులను పూత మీద పూతగా వేస్తారు. ఈకలు, వెంట్రుకలు రావాలంటే ఉడుత తోక వెంట్రుకల కుంచె కావాలి. దాని మొనతో సన్నని చుక్కలు, గీతలు పెట్టుకుంటూ పోతారు. దీన్నే ‘పర్దాఖ్త్’ అంటారు. వెనుక నేపథ్యాన్ని చాలాచోట్ల ఖాళీగా వదిలేస్తారు. చూపు పక్షిని విడిచి పోకూడదు కదా!

ఆ చూపు ఎంత నిశితమో కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలోని సైబీరియా కొంగ బొమ్మ చెబుతుంది. ఈకల్లేని ముఖం మీది ముడతలను సైతం మన్సూర్ వదల్లేదు. ఐరోపా శాస్త్రవేత్త పలాస్ ఆ కొంగకు శాస్త్రీయ నామం పెట్టింది 1773లో, అంటే దాదాపు నూటయాభై ఏళ్ల తర్వాత. ఒకప్పుడు ఏటా శీతాకాలంలో భరత్‌పూర్ చేరే ఆ కొంగలు 2002 తర్వాత అక్కడికి రావడం మానేశాయి.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక డోడో పక్షి బొమ్మ ఉంది. సంతకం లేకపోయినా మన్సూర్‌దేనని చాలామంది భావిస్తారు. డోడో జాతి అంతరించి మూడు వందల ఏళ్లు దాటింది. బొమ్మ నిజమో కాదో పోల్చి చూడటానికి నేడు బతికున్న డోడో లేదు. అయినా నిపుణులు దాన్ని నమ్ముతారు. ఎందుకంటే అదే కాగితం మీద డోడో చుట్టూ ఉన్నవి మనం ఎరిగిన పక్షులు. అవన్నీ ఉన్నదున్నట్టు ఉన్నాయి.

వన్యప్రాణి చిత్రకారుడు కావాలని కలలు కనేవారికి ఇంతకన్నా మంచి పాఠం ఉండదు. ఎదుట ఉన్నదాన్ని తప్పులేకుండా గీసినవాడి సాక్ష్యమే, రేపు లేకుండా పోయేదానికీ చెల్లుతుంది. పులి కోసం అడవి దాకా వెళ్లనక్కర్లేదు. ప్రహరీ గోడ మీద కాకి ఎదురుచూస్తోంది.